జీవితాంతం అప్‌డేట్లు రెండు వేలకు వస్తాయా?

ప్రశ్న: మాది పాలకొల్లు. చాలా ఏళ్లుగా డీటీపీ కేంద్రం నడుపుతున్నాను. పెళ్లి శుభలేఖలు, ఓణీల వేడుక కార్డులు, రొయ్యల మేత దుకాణాల బిల్లు పుస్తకాలు, ధాన్యం కమీషన్ కొట్ల రసీదులు మాకు ప్రధానమైన పని. అందుకు వాడే కంప్యూటర్‌లో విండోస్ 7, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు ఉన్నాయి. పాత శుభలేఖల ఫైళ్లన్నీ అందులోనే. పక్కనే విండోస్ 10 ఉన్న మరో కంప్యూటర్‌లో ఆన్‌లైన్ దరఖాస్తులు, ఆధార్ ప్రింట్లు, నా బ్యాంకు పనులు, జీఎస్టీ రిటర్నులు చేస్తాం. రెండూ ఒకే రూటరుకు, ఒకే ప్రింటరుకు కలిపి ఉన్నాయి. రెండింటికీ కంపెనీ అప్‌డేట్లు ఆపేసిందట. మా కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు "ఒక ప్యాచ్ ఉంది, వేస్తే జీవితాంతం అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి, రెండింటికీ కలిపి రెండు వేలు ఇవ్వండి" అంటున్నాడు. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అబ్బాయి రెండూ తీసేసి కొత్తవి కొనమంటున్నాడు. శ్రావణ మాసం ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి. ఎవరి మాట వినమంటారు?

జవాబు: ఎవరి మాటా పూర్తిగా వినకండి. ఆ రెండు వేలు గల్లాపెట్టెలోనే ఉండనివ్వండి. మీ అబ్బాయి మాటలో సగం న్యాయం ఉంది గానీ అది విండోస్ 10 విషయంలో. మీరు విండోస్ 7 గురించి ఎక్కువ బెంగ పడుతున్నట్టు ఉత్తరం చూస్తే తెలుస్తోంది. నన్నడిగితే, ముందు చూసుకోవలసింది డబ్బు వ్యవహారాలు జరిగే కంప్యూటర్‌నే. శుభలేఖల కంప్యూటర్‌ను బయటి ప్రపంచం నుంచి సరిగా విడదీయగలిగితే ఇంకొన్నేళ్లు పని చేయించుకోవచ్చు.

ముందు ఆ ప్యాచ్ సంగతి చూద్దాం. కుర్రాడు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, ఎక్కడో విన్నదాన్ని సాగదీశాడు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో గడువు తీరినప్పుడు కొందరు ఒక ఉపాయం కనిపెట్టారు. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ఒక చిన్న నమోదు చేరిస్తే చాలు, ఆ కంప్యూటర్ తాను దుకాణాల్లో బిల్లులు కొట్టే యంత్రాన్నని చెప్పుకునేది. ఆ యంత్రాల కోసం తయారైన ఎక్స్‌పీ రకానికి 2019 ఏప్రిల్ వరకు అప్‌డేట్లు వచ్చాయి కాబట్టి, అవే దీనికీ వచ్చేవి. మామూలు ఎక్స్‌పీ మీద వాటిని పరీక్షించలేదని, వేసుకోవద్దని మైక్రోసాఫ్ట్ హెచ్చరించినా జనం వేసుకున్నారు. విండోస్ 7కు ఉచిత అప్‌డేట్లు 2020 జనవరి 14న ఆగాయి. డబ్బు కట్టిన సంస్థలకు మాత్రం మరో మూడేళ్లు, అంటే 2023 జనవరి 10 వరకు ఇచ్చారు. డబ్బు కట్టారా లేదా అని చూసే తనిఖీని దాటవేయడానికి కూడా కొందరు పనిముట్లు తయారుచేసి పంచారు. మీ కుర్రాడు చూపించేది బహుశా ఆ కోవలోదే.

అయితే అలా వచ్చినవి కంపెనీ తయారుచేసిన అప్‌డేట్లే. కంపెనీ తయారుచేయడం మానేస్తే దొంగదారిలోనూ ఏమీ రాదు. విండోస్ 7కు డబ్బు కట్టినవారి గడువే ముగిసిపోయాక ఇంకా "జీవితాంతం" అంటే ఎవరి జీవితం? అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది మరొకటి. ఇలాంటి పనిముట్లు వేసే ముందు "యాంటీవైరస్ కాసేపు ఆపండి" అంటారు, వేసేటప్పుడు అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడుగుతారు. ఎవరు రాశారో, మధ్యలో ఎవరెవరు మార్చారో తెలియని ప్రోగ్రాముకు, కాపలా పక్కకు తప్పించి మరీ, మీ బ్యాంకు పాస్‌వర్డు కొట్టే కంప్యూటర్ తాళాలు ఇవ్వడమన్నమాట. మీ విండోస్ అసలుదో కాదో మీరు రాయలేదు, నేనూ అడగను. ఒకవేళ దాన్ని యాక్టివేట్ చేసింది కూడా ఇలాంటి పనిముట్టే అయితే, ఇదే మాట దానికీ వర్తిస్తుంది.

అప్‌డేట్లు ఆగిన కంప్యూటర్ నిన్నటిలాగే పనిచేస్తుంటే ప్రమాదం ఎక్కడిదని మీకు అనిపించవచ్చు. విండోస్ 7, 10, 11 వేర్వేరు పేర్లతో ఉన్నా లోపల చాలా భాగం పాత కోడే. కొత్త విండోస్‌లో ఒక లోపాన్ని సరిచేస్తూ కంపెనీ ప్యాచ్ విడుదల చేసిన రోజున, ఆ లోపం ఎక్కడుందో దొంగలకూ తెలిసిపోతుంది. ఒకే కాలువ గట్టుకు ఎగువన గండి పూడ్చి, దిగువన అలాంటిదే వదిలేసినట్టు. నీరు దిగువకే పోతుంది.

2017లో జరిగింది ఇంకా చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక ప్యాచ్ ఇచ్చింది. కంప్యూటర్లు ఫైళ్లను, ప్రింటర్లను పంచుకోవడానికి వాడే ఎస్ఎంబీ 1 అనే పాత పద్ధతిలోని లోపాన్ని అది సరిచేస్తుంది. దాదాపు రెండు నెలల తర్వాత, మే 12న, అదే లోపం గుండా వాన్నాక్రై అనే వైరస్ వచ్చిపడింది. ఎవరూ ఏ ఫైలూ తెరవనక్కర లేకుండానే ఒక కంప్యూటర్ నుంచి పక్క కంప్యూటర్‌కు తనంతట తానే పాకుతూ, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7వే. గమనించండి, అప్పటికి విండోస్ 7కు గడువు తీరలేదు, ప్యాచ్ చేతిలోనే ఉంది, వేసుకోలేదంతే. పరిస్థితి చూసి మైక్రోసాఫ్ట్ మూడేళ్ల కిందటే వదిలేసిన ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ ఇచ్చింది. 2019 మేలో రిమోట్ డెస్క్‌టాప్‌లో (దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే సదుపాయం) బ్లూకీప్ అనే లోపం బయటపడినప్పుడూ అలాగే ఇచ్చింది. అంత పెద్ద ఉపద్రవం వస్తే తప్ప దక్కని దయ అది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు మీ దుకాణంలో రెండు కంప్యూటర్లూ ఒకే రూటరు మీద ఉన్నాయి, ప్రింటరు పంచుకుంటున్నాయి. వాన్నాక్రై నడిచింది సరిగ్గా ఆ దారినే. కాబట్టి మొట్టమొదట తెగాల్సింది ఆ బంధం.

విండోస్ 7ను విడదీసే ముందు, దానికి అధికారికంగా వచ్చినవన్నీ ఉన్నాయో లేదో చూడండి. కంట్రోల్ ప్యానెల్‌లో ఇన్‌స్టాల్ అయిన అప్‌డేట్ల జాబితా తెరిచి కేబీ4534310 ఉందేమో వెతకండి. అది 2020 జనవరి 14న అందరికీ ఉచితంగా వచ్చిన చివరి నెలవారీ అప్‌డేట్. పైన చెప్పిన రెండు లోపాలకూ అందులో పరిష్కారం ఉంది. లేకపోతే విండోస్ 10 కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ తెరిచి, దించుకుని, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి వేయండి. వరుస ముఖ్యం. ముందు సర్వీస్ ప్యాక్ 1 ఉండాలి, తర్వాత కేబీ4490628, ఆ తర్వాత కేబీ4474419, ఆపైన ఇది. 2019 నుంచి అప్‌డేట్ల మీద డిజిటల్ సంతకం పద్ధతి మార్చారు, మధ్యలోని ఆ రెండూ లేకపోతే విండోస్ 7 కొత్త సంతకాన్ని గుర్తించదు. పాత సీడీతో విండోస్ 7 మళ్లీ వేసినవాళ్లు అప్‌డేట్లు రావడం లేదని తల పట్టుకునేది చాలావరకు ఇక్కడే. మీది 32 బిట్ అయితే ఎక్స్86 అని రాసి ఉన్నవే తీసుకోండి. అన్నట్టు, ఆ చివరి అప్‌డేట్ వేశాక వాల్‌పేపరు పోయి తెర నల్లబడితే కంగారు పడకండి. వాల్‌పేపరును సాగదీసి పెట్టుకున్నవాళ్లకు అలా అయింది. దాన్ని సరిచేయడానికి గడువు తీరాక కూడా కేబీ4539602 అని ఇంకొకటి ఇవ్వవలసి వచ్చింది. పదేళ్లు సేవ చేసిన విండోస్‌కు వీడ్కోలు అలా జరిగింది!

అవి వేశాక నెట్ కేబులు తీసేయండి. తీసి పక్కన వేలాడదీస్తే ఎవరో ఒకరు "ఒక్క మెయిల్ చూసుకుంటా" అని మళ్లీ గుచ్చుతారు, అందుకని కేబులునే అక్కడ లేకుండా చేయండి. వైఫై ఉంటే డివైస్ మేనేజర్‌లో ఆపేయండి. ఇందులో బ్రౌజరు వాడాలన్న ఆశ వదులుకోండి. క్రోమ్ 109తోనే విండోస్ 7కు సెలవు చెప్పింది, అది 2023 ఆరంభం మాట. ఫైర్‌ఫాక్స్ తన 115 ఈఎస్ఆర్ (ఎక్కువకాలం అప్‌డేట్లు వచ్చే) రకానికి గడువు పొడిగిస్తూ వచ్చింది గానీ, బ్రౌజరు ఒక్కటి బాగున్నంత మాత్రాన కింద ఉన్న విండోస్ బాగుపడదు.

ప్రింటరు ఎలా అంటారా? వెనక్కి తిప్పి చూడండి. యూఎస్‌బీ, నెట్‌వర్క్ రెండు సాకెట్లూ ఉంటే, యూఎస్‌బీ తీగ విండోస్ 7కు, నెట్‌వర్క్ తీగ రూటరుకు ఇవ్వండి. ఒక్క యూఎస్‌బీ మాత్రమే ఉంటే, ఒక ప్రింటరును రెండు కంప్యూటర్లకు మీట నొక్కి మార్చుకునే చిన్న స్విచ్ పెట్టె కంప్యూటర్ సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. ప్రింటరు కోసం రెండు కంప్యూటర్లనూ ఒకే నెట్‌వర్కులో ఉంచాల్సిన పని లేదు.

కేబులు తీసేశాక మిగిలే దారి పెన్‌డ్రైవ్. మీ వృత్తిలో అసలు తంటా ఇదే. పెళ్లివారు ఫొటోలు, ఫ్లెక్సీ వాళ్లు డిజైన్లు, పిల్లలు ప్రాజెక్టు రిపోర్టులు తెస్తారు. ఆ పెన్‌డ్రైవ్ ఎన్ని కాలేజీలు, ఎన్ని ఇంటర్నెట్ కేంద్రాలు తిరిగి వచ్చిందో ఎవరికి తెలుసు! గుచ్చగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారి, మూలన చిన్న బాణం గుర్తుతో కనిపించడం మీరు చూసే ఉంటారు. అసలు ఫోల్డర్లు ఎక్కడికీ పోవు, వైరస్ వాటిని దాచేసి, ఆ పేర్లతోనే తన షార్ట్‌కట్లు పెడుతుంది. ఫొటోల ఫోల్డరే అనుకుని రెండుసార్లు నొక్కితే ముందు వైరస్ నడుస్తుంది, తర్వాత ఫోల్డరు కూడా తెరుచుకుంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

దీనికి ఒక కట్టడి పెట్టుకోండి. ఖాతాదారుల పెన్‌డ్రైవ్ విండోస్ 7కు ఎప్పుడూ తగలకూడదు. అది విండోస్ 10లోనే పెట్టాలి, విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌తో స్కాన్ చేయాలి. కావలసిన ఫొటోను, పీడీఎఫ్‌ను మాత్రమే దుకాణం సొంత పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవాలి, ఫోల్డరు మొత్తాన్ని ఎత్తి కాపీ చేయకూడదు. ఆ సొంత పెన్‌డ్రైవ్‌కు ఎర్ర టేపు చుట్టి, అది ఈ రెండు కంప్యూటర్లు దాటి పోకుండా చూడండి. వాట్సాప్‌లో వచ్చే మేటర్ ఎలాగూ యూనికోడ్‌లోనే (ఫోన్లు, వెబ్‌సైట్లు వాడే అక్షరాల పద్ధతి) ఉంటుంది, దాన్ని అనులోకి మార్చే పని కూడా విండోస్ 10లోనే ముగించి తీసుకెళ్లండి. విండోస్ 7లో యాంటీవైరస్ ఉన్నా నెట్ లేక దానికి కొత్త వైరస్‌ల సమాచారం అందదు కాబట్టి, వడపోత అంతా ఇవతలే జరగాలి. రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ కాకుండా మామూలు యూజర్ ఖాతా చేయండి. పేజ్‌మేకర్ మొరాయిస్తే దాని ఫోల్డరులో రాసే అనుమతి ఆ ఖాతాకు ఇస్తే సర్దుకుంటుంది.

మీరు హ్యాకర్లకు భయపడుతున్నారు గానీ, మీ శుభలేఖలకు అంతకన్నా దగ్గరలో ఉన్న ముప్పు ఆ పాత హార్డ్ డిస్క్. వేసవి వోల్టేజీ ఆటుపోట్లు, తుఫాను రోజుల కరెంటు కోతలు, కాలువల ఊళ్ల చెమ్మ, అన్నీ తట్టుకుని అది తిరుగుతోంది. ఒక ఉదయం టిక్ టిక్ మని ఆగిపోతే? మేటర్ ఫైళ్లు కాపీ చేసుకుంటే సరిపోదు. ఆ ఫాంట్లు, ఆ పేజ్‌మేకర్, ప్రింటరు డ్రైవర్లు అన్నీ ఒకదానితో ఒకటి కుదిరిన అమరిక మళ్లీ చేసుకోవడం చాలా కష్టం. క్లోన్‌జిల్లా అనే ఉచిత ప్రోగ్రాముతో డిస్కు మొత్తానికి నకలు తీసి బయటి హార్డ్ డిస్కులో పెట్టండి. ఇది ఆ కుర్రాడే చేయగలడు, రెండు వేలు కాకపోయినా కొంత డబ్బు అతనికి ఇందుకివ్వండి, న్యాయంగా ఉంటుంది. నకలు తీశాక ఆ డిస్కును కంప్యూటర్ నుంచి తీసి బీరువాలో పెట్టాలి. గుచ్చి ఉంచితే రాన్సమ్‌వేర్ (వాన్నాక్రైలా తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దానికీ తాళం వేస్తుంది. అను ఫాంట్ల సీడీ, అవి పనిచేయడానికి గుచ్చే యూఎస్‌బీ లాక్ ఉంటే వాటినీ అక్కడే భద్రం చేయండి.

ఇక విండోస్ 10. దీనికి 2025 అక్టోబరు 14న గడువు తీరింది. బ్యాంకు, జీఎస్టీ, పరాయివాళ్ల పెన్‌డ్రైవులు అన్నీ దీని మీదే కాబట్టి దీనికి అప్‌డేట్లు ఆగకూడదు. ముందు ప్రాసెసర్ ఏ తరానిదో చూడండి. ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిదై, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉంటే విండోస్ 11 ఉచితంగా ఎక్కుతుంది. మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ ప్రోగ్రాము ఆ మాట నిమిషంలో చెప్పేస్తుంది. ఎక్కితే ఇంకేమీ ఆలోచించకండి. అర్హత లేని కంప్యూటర్‌లోనూ బలవంతంగా ఎక్కించే ఉపాయాలున్నాయి, అయితే అలాంటివాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ కంపెనీ ఇవ్వదు. మీ వ్యాపారానికి నేను దాన్ని సిఫారసు చేయను.

అర్హత లేకపోతే అధికారికమైన దారే ఉంది, కుర్రాడి ప్యాచ్ అవసరం లేదు. ఇళ్లలో వాడే విండోస్ 10కు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పథకాన్ని మైక్రోసాఫ్ట్ పెట్టింది. 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకునే లింకు కనిపిస్తుంది. విండోస్ బ్యాకప్‌తో సెట్టింగులను ఆ ఖాతాకు అనుసంధానిస్తే డబ్బు కట్టనక్కర లేదు. అది ఇష్టం లేకపోతే మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు వెయ్యి, లేదా 30 డాలర్లకు సమానమైన మన డబ్బు. ఆఫీసు డొమైన్‌లో చేరిన కంప్యూటర్లకు ఈ పథకం లేదు, సంస్థలకు వేరే ధర ఉంది. మీది ఒంటరి కంప్యూటర్ కాబట్టి నమోదుకు అడ్డు ఉండదు. ఇది గడువు మాత్రమే, ఆ వ్యవధిలో తర్వాతి ఏర్పాటు చేసుకోవాలి. డిఫెండర్‌కు వైరస్‌ల సమాచారం మాత్రం 2028 అక్టోబరు వరకు వస్తుందని కంపెనీ చెప్పింది. అది చూసి మోసపోకండి, వైరస్‌ను గుర్తుపట్టడం వేరు, విండోస్‌లోని లోపాన్ని పూడ్చడం వేరు.

మీ అబ్బాయి జీరోప్యాచ్ పేరు ఎత్తవచ్చు. స్లొవేనియాలోని ఒక కంపెనీ నడుపుతున్న సేవ అది. కంపెనీ వదిలేసిన విండోస్‌లకు, డిస్కు మీది ఫైళ్లు మార్చకుండా, నడుస్తున్న ప్రోగ్రాములోనే చిన్న చిన్న దిద్దుబాట్లు చేస్తుంది. ఏడాదికి కంప్యూటర్‌కు సుమారు 25 యూరోలు, పన్ను అదనం. నిజమైన సేవే, పేరు ఉన్నవాళ్లే. నెట్‌కు తగిలించక తప్పని పాత కంప్యూటర్ ఉన్నవారికి అది ఉపయోగం. మీ విండోస్ 7కు నెట్టే తీసేస్తున్నాం కాబట్టి మీకు దానితో పని లేదు.

విండోస్ 11 ఎక్కని ఆ కంప్యూటర్‌ను పారేయనక్కర లేకుండా విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవచ్చు. 22వ వెర్షన్‌కు 2029 ఏప్రిల్ వరకు అప్‌డేట్లు ఉన్నాయి, 4 జీబీ ర్యామ్ ఉంటే బాగానే నడుస్తుంది. ఓటీపీతో జీఎస్టీ దాఖలు చేసే సొంత వ్యాపారికి, బ్రౌజరులో దరఖాస్తులు నింపేవారికి అది చాలు. డిజిటల్ సంతకం టోకెన్ వాడేవారు మాత్రం ముందుగా ఆ టోకెన్ డ్రైవరు లినక్స్‌కు ఉందో లేదో కనుక్కోవాలి. మీ ప్రింటరు, స్కానరు సంగతి కూడా పెన్‌డ్రైవ్ నుంచే మింట్‌ను నడిపి చూసి తేల్చుకోవచ్చు, డిస్కు మీద ఏదీ చెరగదు. ఈ పనులేవీ ముహూర్తాల రద్దీలో మొదలుపెట్టకండి. నెట్ కేబులు తీయడం, నకలు తీయడం, విండోస్ 10 నమోదు ఈ వారమే చేసేయండి, మిగతావి శ్రావణం దాటాక.

కొత్తది కొనే రోజు వచ్చినప్పుడు ఒక్క కంప్యూటరే కొనండి, 16 జీబీ ర్యామ్ ఉండేలా చూసుకోండి. అందులో వర్చువల్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాములో విండోస్ 7ను ఒక కిటికీలో నడిపించవచ్చు. దాని సెట్టింగుల్లో నెట్‌వర్క్ అడాప్టరు పక్కన టిక్కు తీసేస్తే, లోపలి విండోస్ 7కు నెట్ అంటూ ఉండదు. అక్కడ పేజ్‌మేకర్‌లో కార్డు చేసి, పీడీఎఫ్ తీసి, బయటి విండోస్ నుంచి ప్రింటు ఇస్తారు. కొత్త ఖాతాదారుల పని కొంచెం కొంచెంగా యూనికోడ్‌లోకి మార్చుకుంటూ వస్తే ఇంకా మంచిది. స్క్రైబస్ అనే ఉచిత ప్రోగ్రాము కొత్త వెర్షన్లలో తెలుగు ఒత్తులను సరిగా చూపిస్తుంది. పాత కార్డులు మాత్రం పాత ఇంట్లోనే ఉండనివ్వండి, అన్నిటినీ మార్చే ఓపిక ఎవరికుంటుంది?

మీరు అడగని విషయం ఒకటి మిగిలింది. ఆధార్ ప్రింట్లు తీస్తామన్నారు. దించుకున్న ఆ పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్స్ ఫోల్డరులో, స్కాన్ చేసిన పాస్‌బుక్కులు డెస్క్‌టాప్ మీద పోగుపడే ఉంటాయి, దాదాపు ప్రతి కేంద్రంలోనూ ఇదే తంతు. రేపు ఏ వైరస్ వచ్చినా మీ ఫైళ్లకన్నా ముందు పోయేవి ఊళ్లోవాళ్ల ఆధార్ నంబర్లు, ఖాతా నంబర్లు. ప్రింటు తీసి ఇచ్చిన వెంటనే ఆ ఫైలు షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కి తీసేయమని మీ దగ్గర పనిచేసేవాళ్లకు చెప్పండి. ఇప్పటికే పోగుపడినవి ఈ రోజే తీయించండి. ఈ కంప్యూటర్‌కు కూడా నకలు తీయదలిస్తే అది దాని తర్వాతే.